పన్ను కాగితంలో మన ఇల్లు

ఏప్రిల్ వచ్చిందంటే కొత్త ఆవకాయ, పెళ్లి శుభలేఖలు, పిల్లల పరీక్షా ఫలితాలతో పాటు ఇంటికి ఇంకొకటి కూడా వస్తుంది. గేటు సందులో దూర్చిపోయిన ఇంటి పన్ను కాగితం. ఈమధ్య కొన్నిచోట్ల కాగితం బదులు ఫోనుకు మెసేజీ వస్తోంది.

దాన్ని చదివే తీరు మాత్రం ఇంటింటా ఒక్కటే. పైనుంచి ఎవరూ చదవరు. చూపు సరాసరి అడుగుకు దిగి, మొత్తం ఎంతో చూసుకుంటుంది. ‘పోయినేడాది కంటే పెరిగినట్టుందే’ అని ఓ మాట అనుకుంటాం. కాగితం టీవీ వెనక్కో, క్యాలెండరు చాటుకో చేరుతుంది. గడువు దగ్గరపడ్డాక ఇల్లంతా దానికోసం వెతుకులాట.

కరెంటు బిల్లు చదవడం మనకు వచ్చు. ఎన్ని యూనిట్లు కాలాయో, ఏసీ వేసిన నెలకు ఎంత తేడా వచ్చిందో ఇట్టే చెప్పేస్తాం. ఇంటి పన్ను కాగితం దగ్గరికొచ్చేసరికి ఎందుకో బెరుకు. అసెస్‌మెంట్ నంబరు, వార్షిక అద్దె విలువ, అర్ధ సంవత్సరపు డిమాండు... ఆ మాటలు చూడగానే ‘ఎందుకొచ్చిన గొడవ, కట్టేస్తే పోలా’ అనిపిస్తుంది.

ఓ ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, కళ్లజోడు పెట్టుకుని, తీరిగ్గా పైనుంచి కిందిదాకా చదివి చూడండి. తమాషాగా ఉంటుంది. ఇల్లు ఎంత పెద్దదో, ఏ వీధిలో ఉందో, ఎవరి పేరున ఉందో, అందులో ఎవరుంటున్నారో అన్నీ ఏదో ఒక గడిలో తగులుతాయి. మనం ఎన్నడూ చూడని మనిషెవరో మన ఇంటి గురించి ఇంత ఆలోచించాడా అని ఆశ్చర్యం వేస్తుంది.

ఆ లెక్క మొదలయ్యేదే ఓ ఊహతో. ఈ ఇంటిని అద్దెకిస్తే నెలకు ఎంత వస్తుంది? హైదరాబాద్‌లో కాపురముండే ఇళ్ల పన్నుకు ఇదే మూలం. అది ఇవాళ బజారులో పలికే అద్దె కాదు. చదరపు అడుగుకు ఇంత అని ప్రాంతాన్ని బట్టి ఎప్పుడో ఖరారు చేసిన అద్దె. దాన్ని పన్నెండుతో హెచ్చవేస్తే ఏడాది విలువ. అద్దె విలువను బట్టి అందులో 17 నుంచి 30 శాతం దాకా పన్ను. ఇల్లు పాతబడుతుంది గనుక తరుగు కింద 10 శాతం తీసేస్తారు. దానికి గ్రంథాలయ సెస్సు కలుపుతారు. అంతే లెక్క.

అంటే మన సొంత ఇంట్లో మనమే అద్దెకున్నట్టు కాసేపు అనుకోవాలన్నమాట. అమ్మ పొద్దున్నే కళ్లాపి చల్లి ముగ్గేసిన వాకిలికి అద్దె ఎంత? తాతగారు పడక్కుర్చీ వేసుకుని కూర్చున్న వసారాకు ఎంత? పిల్లల ఎత్తు కొలిచి పెన్సిలుతో గీతలు గీసిన తలుపు చెక్కకు ఎంత? లెక్కలు కట్టేవాళ్లకు ఈ ప్రశ్నలతో పని లేదు. ఇంట్లో ఉన్నవాళ్లకు మాత్రం ఇవే గుర్తొస్తాయి.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 ఏప్రిల్ నుంచి ఈ ప్రశ్న మారింది. అద్దెకిస్తే ఎంత అని కాకుండా, ఇంటి మూలధన విలువ ఎంత అని చూస్తున్నారు. కాపురముండే ఇంటికైతే ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య పన్ను. ఒక్కసారిగా బరువు పడకుండా, పాత పన్ను మీద ఒక విడత పెంపు 15 శాతం దాటకూడదని కట్టడి కూడా పెట్టారు. మొత్తానికి ఇల్లు అమ్మితే ఎంత వస్తుందన్న లెక్కలోకి వచ్చాం. దీపాలు పెట్టే వేళ ఆ మాట ఎత్తితే మన పెద్దవాళ్లు ఊరుకోరు. ‘సంజెవేళ అవేం మాటలురా’ అంటారు.

పాత పద్ధతిలో ఓ ముచ్చట ఉండేది. ఇంటి పైకప్పు దేనిదో రాసుకునేవారు. ఆర్‌సీసీ స్లాబా, మద్రాసు టెర్రసా, మంగుళూరు పెంకా, నాటు పెంకా, పూరిల్లా? ఒక్కోదానికి ఒక్కో రేటు. ఆ రికార్డులు వరసగా తిరగేస్తే ఓ కుటుంబం కథ తెలిసిపోతుంది. తాతల నాడు తాటాకు, తండ్రి ఉద్యోగంలో చేరాక పెంకు, కొడుకు గల్ఫ్ వెళ్లొచ్చాక స్లాబు. ఎవరూ రాయాలని కూర్చుని రాసిన చరిత్ర కాదది. పన్ను కోసం రాస్తూ పోతే పడిన చరిత్ర.

ఇక తగ్గింపుల సంగతి. కాగితంలో మనం ఎన్నడూ కన్నెత్తి చూడని భాగం ఇదే. నిజానికి అందులో మనసుకు తగిలే భాగమూ ఇదే.

ఉమ్మడి రాష్ట్రంలో మున్సిపాలిటీలు చాలాకాలం పాటించిన అద్దె విలువ లెక్కలో ఇంటి వయసుకు విలువ ఉండేది. కట్టి 25 ఏళ్ల లోపైతే 10 శాతం తగ్గింపు. 25 దాటి 40 లోపైతే 20 శాతం. 40 ఏళ్లు దాటితే 30 శాతం. రైల్లో వయసు మళ్లినవాళ్లకు కింది బెర్తు ఇచ్చినట్టు, పాతబడ్డ ఇంటికి పన్నులో కాస్త వెసులుబాటు.

అంతకంటే పెద్ద తగ్గింపు మరొకటి. ఇంటాయనే ఆ ఇంట్లో కాపురముంటే అన్నీ కలుపుకొని 40 శాతం. అదే ఇల్లు, అవే గోడలు. అద్దెకిచ్చి సొమ్ము చేసుకుంటే ఓ లెక్క, అందులోనే ఉంటూ వండుకు తింటే మరో లెక్క. ఇల్లు సంపాదనకూ పనికొస్తుంది, బతకడానికీ పనికొస్తుంది. ఆ రెండింటికీ తేడా ఉందని రూల్సు రాసినవాళ్లు గుర్తించారు.

చిన్న ఇళ్లను కూడా మరిచిపోలేదు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 375 చదరపు అడుగుల లోపు సొంతింట్లో ఉండేవాళ్లకు ఏడాదికి 50 రూపాయలే పన్ను. 375 అడుగులంటే ఓ గది, ఓ వంటిల్లు, పక్కనే స్నానాలకు కాస్త చోటు. రాత్రయితే మంచాలు వాల్చి, పొద్దున్నే ఎత్తి గోడకు ఆనించే ఇల్లు. తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం వచ్చాక 75 చదరపు గజాల లోపు స్థలంలో కట్టుకున్న చిన్న ఇంటికి ఏడాదికి 100 రూపాయలు.

హైదరాబాద్‌లో ఇంకో ముచ్చట. ఏడాదికి 1,200 రూపాయల లోపు పన్ను పడే ఇళ్లకు దాన్ని మాఫీ చేసి, 101 రూపాయలు కడితే చాలని 2015లో ప్రభుత్వం చెప్పింది. వంద అని ఊరుకోలేదు చూశారా, 101! పెళ్లిలో చదివింపులకు కవరు మీద అతికించి వచ్చే ఆ ఒక్క రూపాయి ఉంటుందే, ఆ లెక్క. సర్కారు ఉత్తర్వు రాసినవాళ్లు కూడా మనవాళ్లేగా. సున్నాతో ముగించడానికి చెయ్యి రాలేదు కాబోలు.

మాజీ సైనికులు తాము ఉండే సొంతింటికి పన్ను మినహాయింపు పొందవచ్చు. ఎక్కడో మంచు కొండల్లో, ఎడారిలో, బ్యారక్‌లలో, గుడారాల్లో వయసంతా గడిపి వచ్చిన మనిషి కట్టుకున్న ఇల్లది. సెలవుకొచ్చిన ప్రతిసారీ కాస్త కాస్తగా కట్టి ఉంటాడు. ఓసారి పునాది, మరోసారి గోడలు, ఇంకోసారి కప్పు. చివరికి అందులో ఉండే రోజు వచ్చేసరికి నెత్తిన జుట్టు నెరిసింది. ఆ ఇంటి దగ్గర పన్ను అడగకుండా వెళ్లిపోవడం ఊరు చేసే ఓ చిన్న నమస్కారం.

గుళ్లు, మసీదులు, చర్చీలు, అద్దె తీసుకోని ధర్మసత్రాలు, అందరికీ తెరిచి ఉండే గ్రంథాలయాలు, శ్మశానాలు కూడా పన్ను అక్కర్లేని జాబితాలో ఉన్నాయి. ఆ జాబితా చదువుతుంటే ఒక్కటి తోస్తుంది. పన్ను ఎవరి దగ్గర తీసుకోవాలో తేల్చుకోవడం సులువే. ఎవరి దగ్గర తీసుకోకూడదో అనుకోవడానికి కాస్త మనసు పెట్టాలి. దారిన పోయేవాడికి ఓ రాత్రి తలదాచుకునే చోటు, చదువుకోవాలనుకునేవాడికి ఓ బల్ల, అందరూ చివరికి చేరే ఆరడుగుల నేల. వీటి జోలికి పోవద్దని ఎవరో ఒకనాడు అనుకున్నారు. దాన్ని సెక్షన్లుగా రాసిపెట్టారు.

ఖాళీగా పడున్న ఇంటికి కూడా ఓ వెసులుబాటు ఉంది. ఎవరూ ఉండకపోతే, ఆ సంగతి వేళకు రాసిచ్చి, మున్సిపాలిటీవాళ్లొచ్చి చూసి అవునంటే ఆ కాలానికి పన్నులో సగం తగ్గుతుంది. పెట్టినప్పుడు ఇది అద్దెకు మనిషి దొరకని ఇళ్ల కోసం పెట్టి ఉంటారు. ఇవాళ చదివితే మన పల్లెల్లో తాళం వేసిన ఇళ్లు గుర్తొస్తాయి.

ప్రతి ఊళ్లోనూ అలాంటివి కనిపిస్తాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. అమ్మానాన్నా వాళ్ల దగ్గరికి వెళ్లిపోయి ఉంటారు, లేదా లోకం నుంచే వెళ్లిపోయి ఉంటారు. తులసికోటలో మొక్క ఎండిపోయింది. అరుగు మీద పక్కింటివాళ్లు మిరపకాయలు ఆరబోసుకుంటున్నారు. అయినా ఇంటి పన్ను మాత్రం తప్పకుండా కడుతుంటారు. ‘ఎందుకు బాబాయ్, అమ్మేయొచ్చుగా’ అంటే ‘ఉండనీరా, ఊళ్లో మన ఇల్లంటూ ఒకటుంది’ అంటారు. ఉండని ఇంటికి ఏటా పన్ను కడుతున్నారంటే అది పన్నేనా? ఊరితో తెగిపోలేదని ఏడాదికోసారి చెప్పుకోవడం కూడా కావచ్చు.

కాగితం మీద ఉండే పేరు సంగతి ఇంకా సున్నితం. ఇంటాయన పోయి ఏళ్లు గడిచినా చాలా ఇళ్లకు పన్ను ఆయన పేరునే వస్తుంటుంది. పేరు మార్చుకోవాలంటే మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ల సంతకాలు కావాలి. ఒకరు ఇక్కడుంటే మరొకరు ఎక్కడో ఉంటారు. ఇవాళ, రేపు అంటూ ఆ పని అలా ఉండిపోతుంది.

ఇవేవీ కాకుండా మరో కారణం కూడా ఉంటుంది. ‘మామయ్యగారి పేరు ఇంకా మార్పించలేదేం అత్తయ్యా?’ అని మేనల్లుడు అడిగితే ఓ పెద్దావిడ అన్న మాట ఇది: ‘ఉండనీ నాయనా, ఏడాదికోసారైనా ఆయన పేరున ఇంటికో కాగితం వస్తుంది.’ ఆ జవాబుకు ఏ ఆఫీసులో దరఖాస్తు ఉంటుంది?

అయినా ఎప్పుడో ఒకప్పుడు మార్పించుకోవాల్సిందే. తగ్గింపుల్లో చాలావరకు ఇంటాయన ఎవరు, ఇంట్లో ఉంటున్నదెవరు అన్నదాని మీదే నడుస్తాయి. పేరు తేడా ఉంటే అడగడానికి నోరు రాదు. పన్ను రసీదు ఉన్నంత మాత్రాన ఇంటి మీద హక్కు వచ్చినట్టు కాదని న్యాయస్థానాలు చెబుతూనే ఉన్నాయి. అయినా కరెంటు మీటరుకు, నల్లా కనెక్షనుకు, బ్యాంకు అప్పుకు మొదట అడిగేది ఆ రసీదే. అప్పుడు కాగితంలో అమ్మ పేరు ఎక్కితే, చాలామంది అమ్మలకు అదే తమ పేరున వచ్చిన మొదటి ఇంటి కాగితం అవుతుంది.

ఇంటి పన్ను అనగానే పాతకాలం వాళ్లకు గుర్తొచ్చేది బిల్లు కలెక్టరు. తెలంగాణ పల్లెల్లో అయితే కారోబారు. సైకిలు హ్యాండిలుకు సంచీ, సంచీలో రసీదు పుస్తకం, మధ్యలో నలిగిపోయిన కార్బన్ కాగితం. అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, పిల్లల చదువులు అడిగి, అప్పుడు పుస్తకం తీసేవాడు. రసీదు రాసి చింపి ఇస్తే ఇంటాయన దాన్ని ఇనుప చువ్వకు గుచ్చేవారు. ఏళ్ల తరబడి రసీదులు ఆ చువ్వకు వేలాడుతూ పసుపుపచ్చగా మారేవి.

ఆయనకు ఊరు మొత్తం తెలుసు. ఏ ఇంట్లో పంట పోయిందో, ఎవరింట్లో పెళ్లి ఉందో తెలుసు. ‘ఈ నెల వద్దులే, పత్తి అమ్మాక వస్తా’ అని ఆయనే చెప్పి వెళ్లిపోయేవాడు. రూల్సు పుస్తకంలో లేని మినహాయింపు అది. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుందని ఇప్పుడు యంత్రం లెక్క కట్టి చూపిస్తుంది. దాని లెక్కలో పొరపాటు లేదు. కాకపోతే దానికి పత్తి ధర తెలియదు.

అలాగని అంతా తీపి జ్ఞాపకాలే కావు. పంచాయతీకి బకాయి పడితే ఇత్తడి బిందెలు, తలుపులు జప్తు చేసుకుపోయిన రోజులూ ఉన్నాయి. వీధిలో డప్పు కొట్టించి పేర్లు చదివిస్తే తలెత్తుకోలేకపోయిన కుటుంబాలు ఉన్నాయి. పన్ను కట్టలేకపోవడం కంటే నలుగురికీ తెలిసిపోవడమే వాళ్లకు పెద్ద బాధ. పరువుకూ పన్నుకూ మన ఊళ్లలో అలా ముడిపడిపోయింది.

నవ్వు తెప్పించే సందర్భాలూ లేకపోలేదు. పంచాయతీ ఎన్నికలు ప్రకటించగానే ఎప్పటి నుంచో మూలుగుతున్న ఇంటి పన్ను బకాయిలు చకచకా వసూలైపోతాయి. నామినేషను వేయాలంటే బకాయి ఉండకూడదు కదా. ఏళ్ల తరబడి తిరిగినా దొరకని మనిషి పొద్దున్నే వచ్చి ఆఫీసు తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉంటాడు.

ఇంటి పన్ను మీద అలిగి ఊరికి ఊరే లేచిపోయిన కథ మన దగ్గరే ఉంది. చీరాల, పేరాల ఊళ్లను కలిపి 1919లో మున్సిపాలిటీ చేశారు. ఏడాదికి నాలుగు వేల దగ్గరున్న పన్నులు నలభై వేల దాకా పెరిగాయని చెబుతారు. నేతపనివాళ్లు, చిన్న రైతులు ఉన్న ఊరు. ‘ఈ మున్సిపాలిటీ మాకొద్దు’ అన్నారు. ఎవరూ వినలేదు.

1921లో ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊళ్లో ఎక్కువమంది ఇళ్లకు తాళాలు వేసి, మున్సిపల్ హద్దు దాటి వెళ్లి పాకలు వేసుకున్నారు. ఆ చోటుకు రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండా వానా చలీ అన్నీ అక్కడే. దాదాపు పదకొండు నెలలు. నాయకుణ్ని జైల్లో పెట్టాక, కష్టాలు తట్టుకోలేక తిరిగొచ్చారు. చరిత్ర పుస్తకాలు దాన్ని చీరాల-పేరాల ఉద్యమం అంటాయి.

ఆ కథలో మనసును పట్టేసే సంగతి వేరే ఉంది. వాళ్ల కళ్లెదుటే, నడిచి వెళ్లేంత దూరంలోనే వాళ్ల ఇళ్లు ఉన్నాయి. మగ్గాల గుంటలు, బావులు, పెరట్లో మునగ చెట్లు ఉన్నాయి. అయినా వెళ్లలేదు. ఇంటి మీద మమకారం లేక కాదు. అడిగిన తీరు నచ్చక. ఊరితో మాట్లాడకుండా ఊరి మీద వేసిన పన్ను అది. డబ్బు కంటే ఆ మాటే వాళ్లకు ఎక్కువ బరువైంది.

ఇవాళ మనం కట్టే పన్ను ఎటు పోతుందో కూడా చూద్దాం. వీధి దీపాలకు కొంత, మంచినీళ్లకు, మురుగు కాలువకు కొంత. వీటి మధ్యే ఓ చిన్న పద్దు కనబడుతుంది. గ్రంథాలయ సెస్సు. పన్నులో రూపాయికి 8 పైసలు. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇంటి నుంచి 80 రూపాయలు పుస్తకాలకు పోతున్నాయన్నమాట.

ఆ 8 పైసల వెనక పెద్ద కథే ఉంది. బెజవాడలో 1914లో మన గ్రంథాలయ సేవకులు సభ పెట్టుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్లు ఊరూరా పుస్తకాలు చేర్చాలని తిరిగారు. పడవల్లో పుస్తకాలు వేసుకుని కాలువ గట్ల పల్లెలకు పంపారు. 1948 మద్రాసు గ్రంథాలయ చట్టం పుస్తకాల కోసం ఇంటి పన్ను మీద సెస్సు తెచ్చింది. మనకు 1960లో సొంత గ్రంథాలయ చట్టం వచ్చింది. ఆ పడవలు పోయాయి గానీ ఆ పైసలు మాత్రం మన రసీదులో ఉండిపోయాయి.

హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూడండి. పొద్దున్నే టిఫిను డబ్బా సంచీలో పెట్టుకుని వచ్చిన పిల్లలు రాత్రి దాకా కుర్చీ వదలరు. గ్రూప్స్ పరీక్షలు, పోలీసు ఉద్యోగాలు, టీచరు పోస్టులు. చిన్న ఊళ్ల శాఖా గ్రంథాలయాల్లో అయితే రిటైరైన మాస్టార్లు పేపరును షీట్లుగా విడదీసి పంచుకుని చదువుతారు. క్రీడల పేజీ కోసం ఒకాయన, రాజకీయాల పేజీ కోసం మరొకాయన ఎదురుచూస్తుంటారు. మన ఇంటి పన్నులో ఆ బల్లకు, ఆ పేపరుకు కూడా ఓ వాటా ఉంది. ఈ సంగతి తెలిశాక ఆ గడిని చూసే చూపు మారుతుంది.

మనవాళ్లు సముద్రాలు దాటి వెళ్లినా ఇంటి పన్ను వెంటే వెళ్లింది. అమెరికాలో టెక్సస్ తీసుకోండి. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు వీధులకు వీధులే ఉన్నారు. అక్కడ రాష్ట్ర ఆదాయ పన్ను లేదు గానీ ఇంటి పన్ను భారీగా ఉంటుంది. అందులో పెద్ద వాటా బడులకు పోతుంది. కొడుకు దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు ఆ అంకె విని ‘ఏడాదికి అంతా? ఆ డబ్బుతో మన ఊళ్లో ఓ గది వేయొచ్చురా’ అని నోరెళ్లబెడతారు.

అక్కడ కూడా సొంతింట్లో కాపురముండేవాళ్లకు హోమ్‌స్టెడ్ అనే ఓ మినహాయింపు ఉంది. దరఖాస్తు పెట్టుకుంటే, బడి పన్ను లెక్క కట్టేముందు ఇంటి విలువలోంచి కొంత తీసేస్తారు. 2023లో దాన్ని లక్ష డాలర్లు చేశారు. 2025లో లక్షా నలభై వేలకు పెంచడానికి ఓటర్లు ఒప్పుకున్నారు. 65 ఏళ్లు దాటినవాళ్లకు ఇంకా కొంత కలుస్తుంది. ఇంటి విలువ ఎక్కువ కట్టారనిపిస్తే మే నెల మధ్యలోగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. మనవాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో ఒకరికొకరు గుర్తు చేసుకుంటారు. ‘హోమ్‌స్టెడ్ వేశావా? ప్రొటెస్ట్ చేశావా?’ అని వారాంతం విందుల్లో బిర్యానీ వడ్డించుకుంటూ కూడా అదే మాట.

సొంతింట్లో ఉండేవాళ్ల మీద కాస్త దయ చూపాలన్న ఆలోచన అక్కడా ఇక్కడా ఒక్కటే. తేడా ఎక్కడంటే, అక్కడ మనవాళ్లు జంకు లేకుండా అడుగుతారు. ఇక్కడ అడగడానికి మొహమాటపడతారు.

అవును, మనకు తగ్గింపు అడగడమంటే ఎక్కడలేని మొహమాటం. కూరగాయల దగ్గర రూపాయి కోసం బేరం ఆడే మనిషి కూడా ఆఫీసు మెట్లెక్కి ‘నా ఇంటికి ఈ తగ్గింపు వర్తిస్తుందండీ’ అనడానికి సిగ్గుపడతాడు. చెయ్యి చాచినట్టు ఉంటుందనుకుంటాడు. కొందరు పెద్దవాళ్లు ‘మనకెందుకులే, లేనివాళ్లకు పోనీ’ అని ఔదార్యంగా వదిలేస్తారు. మరికొందరికి అలాంటిది ఒకటుందనే తెలియదు.

ఇందులో చిత్రమేమిటంటే ఆ వెసులుబాటు ఎక్కువగా ఎవరి కోసం పెట్టారో వాళ్లకే అది తక్కువగా తెలుస్తుంది. చదువు రాని చిన్నింటి యజమానికి కాగితంలో గడులు కనబడవు. మాజీ జవాను పల్లెలో కూర్చుని వచ్చిన బిల్లు వచ్చినట్టే కట్టేస్తుంటాడు. ఖాళీ ఇంటివాళ్లు ఊళ్లోనే ఉండరు. ఏప్రిల్ నెలలోనే ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం తగ్గుతుందన్న సంగతి కూడా పేపరు చదివేవాళ్లకే ముందు చేరుతుంది.

తగ్గింపు ఎవరో చేసే దానం కాదు. ఈ ఇంట్లో ఇంటివాళ్లే ఉంటున్నారు, ఇది చిన్న ఇల్లు, ఇతను దేశం కోసం ఊరు వదిలి వెళ్లినవాడు అని ఊరు తన పద్దు పుస్తకంలో రాసి పెట్టుకున్న గుర్తు. ఆ గుర్తు చూపించి నాదిది అని చెప్పుకోవడంలో తక్కువతనం ఏముంది? పన్ను కట్టడం ఎంత పరువైన పనో, తనకు రావాల్సిన తగ్గింపు అడగడమూ అంతే పరువైన పని.

బిల్లు కలెక్టరు సైకిలు మీద వచ్చే రోజులు మళ్లీ రావు. ఆయన అరుగు మీద కూర్చుని నలుగురికీ చెప్పిన మాటలు ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. ఫోనులో కట్టేస్తున్నాం, హాయిగానే ఉంది. ఇక ఆ నాలుగు మాటలు మనమే చెప్పుకోవాలి. వీధి చివర పెంకుటింటి మామ్మగారి కాగితం ఓసారి చదివిపెట్టడం, పాలు పోసే ఆయన తమ్ముడు సైన్యంలో చేసి వచ్చాడని తెలిస్తే ఈ సంగతి చెవిన వేయడం, అపార్టుమెంటు వాచ్‌మన్ ఊళ్లో కట్టుకున్న ఒంటి గది ఎన్ని అడుగులో అడగడం. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పడానికి ఏ దరఖాస్తూ అక్కర్లేదు, గడువు తేదీ అంతకన్నా లేదు.